వేగం కారులో ఉందా, చెవుల్లో ఉందా?

మా మేనల్లుడు కిందటేడు దుర్గాపూజ ముందు కొత్త కారు కొన్నాడు. వాడి మాటల్లో అది స్పోర్ట్స్ కారు. నా మాటల్లో అయితే ఐదుగురు పట్టే మామూలు చిన్న కారు. దానికి ఒక టర్బో ఇంజను, బంపరు మీద ఎర్ర గీత, సీట్లకి ఎర్ర దారపు కుట్లు, అడుగున కాస్త చదునుగా ఉండే స్టీరింగు. కంపెనీ పేరు చెప్పను, కారు తప్పేమీ లేదు కాబట్టి. గోల్‌బజార్‌లో టీ తాగుతుంటే నా ముందుకు తెచ్చి ఆపాడు. పక్కన ఉన్న బెంగాలీ మిత్రులు, ఒడియా మిత్రులు, మన వాళ్ళు అందరూ చుట్టూ మూగారు. ఈ రైల్వే ఊళ్ళో కొత్త బండి వస్తే అన్ని భాషల వాళ్ళూ కలిసి చూస్తారు.

"ఎక్కు మావయ్యా. చెప్తే నమ్మవు గదా నువ్వు. ఎక్కితే నీకే తెలుస్తాది," అన్నాడు.

ఎక్కాను. చౌరంగీ కూడలి దాటి 16వ నంబరు జాతీయ రహదారి మీదకి వచ్చాక యాక్సిలరేటర్ నొక్కాడు. వీపు సీటుకి అతుక్కుంది. ఇంజను గర్జించింది. కడుపులో ఏదో జారినట్టయింది. దాచుకోవడం దేనికి, నాకు కూడా "అబ్బో" అనిపించింది.

"ఇప్పుడేటంటావు?" అన్నాడు వాడు గెలిచినట్టు.

ఏమనాలో నిజంగా తోచలేదు. ముప్పై ఏళ్ళుగా మా సంఘం తరఫున నేను జనాన్ని అడుగుతున్న ప్రశ్న ఒకటే. పూనకం వచ్చినావిడని చూసి "ఒళ్ళు జలదరించింది, అమ్మవారి శక్తి ఉన్నట్టే" అన్న వాళ్ళని అడిగాను. తాయెత్తు కట్టుకున్నాక "ఒంట్లో బలం వచ్చినట్టుంది" అన్న వాళ్ళని అడిగాను. మీకు అలా అనిపించింది, ఒప్పుకుంటాను, కానీ అనిపించడానికి కారణం మీరు చెప్పేదేనని ఎలా తెలుసు? ఇప్పుడు నా ఒళ్ళే జలదరించింది. ఈ కారు చాలా వేగమైనది అనడానికి నా దగ్గరున్న రుజువు నా కడుపు ఒక్కటే. అమ్మవారి కేసులో చెల్లని సాక్ష్యం కారు కేసులో ఎలా చెల్లుతుంది?

మా నాన్న ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. చదువు తక్కువ, లెక్క ఎక్కువ. చిన్నప్పుడు శ్రీకాకుళం వెళ్ళేటప్పుడు రైల్లో నేను "ఎంత స్పీడుగా పోతోందో నాన్నా!" అంటే ఆయన గడియారం చూస్తూ పట్టాల టకటకలు లెక్కపెట్టమనేవారు. అప్పట్లో పట్టా ముక్క పొడవు 13 మీటర్లు. రెండు ముక్కలు కలిసే చోట చక్రం ఒక్కసారి టక్కుమంటుంది. 47 సెకన్లలో ఎన్ని టక్కులు వినిపిస్తే, గంటకి అన్ని కిలోమీటర్ల వేగమన్నమాట. ఇందులో మంత్రమేమీ లేదు. 13ని 3.6తో గుణిస్తే 46.8 వస్తుంది, అంతే. నేను "వంద ఉంటుంది" అనుకున్న పాసింజరు బండి చాలాసార్లు 50 కూడా దాటేది కాదు. కిటికీ తెరిచి ఉండేది, బొగ్గు నుసి కళ్ళల్లో పడేది, పెట్టె ఊగేది, అందుకే వంద అనిపించేది. ఇప్పుడు పట్టాలను పొడుగ్గా వెల్డింగు చేసేస్తున్నారు కాబట్టి ఆ టకటకలు పెద్ద లైన్ల మీద దాదాపు పోయాయి. 2023 మేలో మొదలైన హౌరా-పూరీ వందేభారత్ మన ఖరగ్‌పూర్ మీదుగానే పోతుంది. అందులో వెళ్ళొచ్చిన మా పక్కింటాయన "పేరు గొప్పేగానీ అంత స్పీడేం లేదండీ" అన్నాడు. ఆయన కప్పులో టీ తొణకలేదట. అది రైలు గొప్పతనమే, కానీ ఆయన కంటికి అది లోపమైపోయింది.

అసలు మన ఒంట్లో వేగాన్ని కొలిచే అవయవమే లేదు. చెవి లోపలి భాగంలో సున్నపు రేణువులతో పనిచేసే చిన్న ఏర్పాటు ఒకటి ఉంది. అది వేగంలో మార్పుని పసిగడుతుంది, వేగాన్ని కాదు. గెలీలియో 1632లోనే ఓడ అడుగు గది ఉదాహరణతో ఈ సంగతి చెప్పాడు. ఓడ నిలకడగా పోతుంటే, తలుపులు మూసిన గదిలో ఉన్నవాడికి అది కదులుతోందో ఆగి ఉందో తెలియదు. అంత దూరం ఎందుకు, గోల్‌బజార్ టీ కొట్టు బెంచీ మీద కూర్చున్న మనిషి భూభ్రమణం వల్ల గంటకి సుమారు 1,500 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి పోతున్నాడు. అది చాలదన్నట్టు సూర్యుడి చుట్టూ లక్ష కిలోమీటర్ల పైచిలుకు వేగం. ఎవరి కడుపులోనూ ఏమీ జారదు.

కాబట్టి కారులో మనకి తెలిసే "వేగం" అంతా ఊహాగానమే. కంటి పక్కనుంచి చెట్లు, స్తంభాలు వెనక్కి పరిగెత్తే తీరు, ఇంజను హోరు, గాలి మోత, సీటు అదురు, వీపు మీద పడే ఒత్తిడి, వీటన్నిటినీ కలిపి మెదడు ఒక అంకె వేస్తుంది. ఈ ముడిసరుకులో ఏది మార్చినా అంకె మారిపోతుంది, కారు అదే వేగంతో పోతున్నా సరే. సీటు నేలకి దగ్గరగా ఉంటే రోడ్డు వేగంగా వెనక్కి జారుతున్నట్టుంటుంది. ఎత్తైన జీపులో అదే 60 నత్తనడకలా ఉంటుంది. స్పోర్ట్స్ కార్లన్నీ నేలకి కరుచుకుని ఉండటానికి మలుపుల్లో పట్టు ఒక కారణం. ఈ భ్రమ దానికి కొసరు.

మావాడి కారులో "స్పోర్ట్" అని ఒక బొత్తాం ఉంది. అది నొక్కితే కారు పులి అయిపోతుందని వాడి నమ్మకం. ఇలాంటి బొత్తాలు చాలా కార్లలో చేసే ముఖ్యమైన పని ఏమిటంటే, యాక్సిలరేటర్ కొంచెం నొక్కితేనే ఎక్కువ నొక్కినట్టు ఇంజనుకి చెప్పడం. పావు వంతు నొక్కితే సగం నొక్కినట్టు స్పందిస్తుంది. పాదం అలవాటుగా నొక్కేది పావు వంతే కాబట్టి "ఎంత తేడా!" అనిపిస్తుంది. పూర్తిగా నొక్కి పట్టుకుంటే రెండు రకాలుగానూ అదే ఇంజను, అదే బలం. కుళాయి పిడిని తేలిగ్గా తిరిగేలా చేసినంత మాత్రాన ట్యాంకులో నీళ్ళు పెరగవు కదా.

బొత్తాంతో ఆగితే బాగుండేది. పూజలు అయ్యాక వాడు కొత్త సైలెన్సర్ వేయిస్తానన్నాడు. ఖరీదు చెప్తే మా అక్క గుండె పట్టుకుంటుంది కాబట్టి ఇక్కడ రాయను. దానితో కారు "కనీసం ఒక సెకను తొందరగా" అందుకుంటుందని ఎవరో చెప్పారట. నేను ఒకే మాట అన్నాను. వేయించుకో, కానీ వేయించక ముందు ఒకసారి, వేయించాక ఒకసారి కొలుద్దాం. తగ్గితే సైలెన్సర్ డబ్బు నేనిస్తా. వాడు ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఆ ధీమా చూసి నాకు కోవూర్ గారు గుర్తొచ్చారు. ఆయన లక్ష రూపాయల సవాలు విసిరినప్పుడు ఎదుటివాళ్ళలో కొందరైనా మోసగాళ్ళు కారు, నిజంగా నమ్మినవాళ్ళే అయ్యుంటారు. మావాడు కూడా మోసగాడు కాదు. వాడికి నిజంగానే అలా అనిపిస్తుంది.

కొలవడం ఎలా అన్నదాని మీద ఒక సాయంత్రం వాదించుకున్నాం. చేతి గడియారంతో కొలిస్తే నొక్కడంలోనే సెకనులో అయిదో వంతు అటూ ఇటూ పోతుంది. ఫోనులో జిపిఎస్ మామూలుగా సెకనుకి ఒక్కసారే అంకె మారుస్తుంది. చివరికి స్పీడోమీటర్‌ని ఫోనుతో వీడియో తీసి, ముల్లు 40 దాటిన బొమ్మ నుంచి 80 దాటిన బొమ్మ వరకూ ఎన్ని బొమ్మలున్నాయో లెక్కపెట్టడం మేలని తేల్చాం. స్పీడోమీటర్ అబద్ధం చెప్పొచ్చు. చెప్తుంది కూడా. ఐరోపా నిబంధన ప్రకారం అది అసలు వేగం కన్నా తక్కువ ఎప్పుడూ చూపకూడదు, ఎక్కువైతే పదో వంతు మీద ఇంకో 4 కిలోమీటర్ల దాకా చూపొచ్చు. అందుకని కంపెనీలు కాస్త ఎక్కువ చూపేలాగే పెడతాయి. వంద కొట్టానని మురిసిపోయే వాళ్ళలో చాలామంది 95 దగ్గరే ఉంటారు. అయితే ముందూ తర్వాతా ఒకే స్పీడోమీటర్ కాబట్టి మా పోలికకి ఆ అబద్ధం అడ్డు రాదు. గేరు మార్చడంలో చేతివాటం కలవకుండా మూడో గేరులోనే. గాలీ వాలూ కలవకుండా అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు. ఆదివారం తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, 80 దాటకుండా.

పాత సైలెన్సర్‌తో ఆరుసార్ల సగటు 6.6 సెకన్లు. కొత్తదానితో 6.7. ఒక పరుగుకీ ఇంకో పరుగుకీ మధ్యే 0.3 సెకన్ల దాకా తేడా ఉంది కాబట్టి ఈ 0.1కి అర్థమేమీ లేదు. నెమ్మదించిందని కూడా అనలేను. మారలేదు, అంతే. మారిందల్లా చప్పుడు. ఆ గర్జనకి తగ్గ తోపుడు ఎంతో కూడా లెక్కవేశాను. 6.6 సెకన్లలో 40 నుంచి 80కి పోవడమంటే, మన బరువులో ఆరో వంతు బలంతో సీటు వీపుని నెట్టడం. గట్టిగా బ్రేకు వేస్తే దీనికి నాలుగింతలు ముందుకి తూలుతాం, దాన్ని మాత్రం ఎవరూ స్పోర్ట్ అనరు.

వెనక సీట్లో కూర్చున్న వాడి చెల్లెలికి ఇంకో పరీక్ష పెట్టాను. కళ్ళు మూసుకుని వేగం ఎంతో చెప్పమన్నాను. కారు నిలకడగా 60 మీద ఉంది. అద్దాలు మూసి ఉంటే 50 అంది. అద్దాలు దింపితే 75 అంది. ఒక్క మనిషి మీద ఒక్కసారి చేసింది రుజువు కాదని నాకూ తెలుసు. కానీ 1970లోనే లెనార్డ్ ఎవాన్స్ అనే పరిశోధకుడు కారులో కూర్చున్న వాళ్ళ చెవులు మూయించి చూశాడు. వినిపించకపోతే జనం వేగాన్ని అసలుకన్నా తక్కువ అంచనా వేశారు.

మేనల్లుడు ఒప్పుకున్నాడా? లేదు. "రోడ్డు బాగోలేదు," అన్నాడు. "కొత్తది కదా, సెట్టవ్వాలి," అన్నాడు. "నువ్వు వెనక కూర్చుని బరువెక్కించావు," అన్నాడు. రెండుసార్లూ నేను వెనకే ఉన్నాను. భక్తి తక్కువై మంత్రం పారలేదని చెప్పే సాముల మాటలే ఇవి, యాస ఒక్కటే తేడా.

కార్లు తయారుచేసే వాళ్ళకి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. కార్ల లోపల నిశ్శబ్దం పెరిగి, టర్బోలు వచ్చి, ఇంజను గొంతు పోయేసరికి వాళ్ళకి భయం పట్టుకుంది. 2011లో వచ్చిన బిఎండబ్ల్యూ ఎం5లో ఇంజను శబ్దాన్ని స్పీకర్లలోంచి వినిపించడం మొదలుపెట్టారు. ఆ కారుకి నిజంగానే సత్తా ఉంది, అయినా చెవికి ప్రసాదం పెట్టక తప్పలేదు. 2012 నాటి టొయోటా 86 కథ ఇంకా తమాషా. దానికి కావాలనే సన్న టైర్లు వేశారు, ప్రియస్ లాంటి పొదుపు కారుకి వాడే రకం. పట్టు తక్కువైతే తక్కువ వేగంలోనే వెనక భాగం కాస్త జారుతుంది, నడిపేవాడికి రేసులో ఉన్నట్టుంటుంది. వాళ్ళు ఆ మాట దాచలేదు, నడిపే సరదా కోసమేనని చెప్పి అమ్మారు. దాన్ని నేను మోసమనను. గారడీ చేస్తూ ఇది గారడీ అని చెప్పేవాడితో మాకు పేచీ లేదు.

కరెంటు కార్లు వచ్చాక విషయం తలకిందులైంది. మహీంద్రా వారి చేతిలో ఉన్న పినిన్‌ఫరీనా కంపెనీ చేసిన బతిస్తా అనే కారు సున్నా నుంచి వందకి 2 సెకన్లలోపే అందుకుంటుంది. ఇంజను మోత లేదు, గేర్లు లేవు. మోతకీ వేగానికీ ఉన్న పెళ్ళి అక్కడితో రద్దయిపోయింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ పందెం జరిగింది. ఆ కార్ల గరిష్ఠ వేగం గంటకి 320 కిలోమీటర్లకి పైమాటే. చూడ్డానికి వెళ్ళిన మా బంధువు ఒకాయన ఫోన్ చేసి, "ఈగలు ముసిరినట్టు జుయ్యిమంటన్నాయి తప్ప పందెంలా లేదు బావా," అన్నారు. ఆయన రోజూ చూసే బుల్లెట్ బండి సగం స్పీడులో కూడా ఇంతకన్నా పందెంలా ఉంటుందట. ఇక 2023లోనే హ్యుందాయ్ వాళ్ళు అయానిక్ 5 ఎన్ అనే కారు తెచ్చారు. గేర్లే లేని ఆ కరెంటు కారులో గేరు మారినట్టు కుదుపు, లేని ఇంజను గర్జన. గాల్లోంచి విభూతి తీసే బాబాకి కనీసం బూడిదైనా కావాలి, వీళ్ళకి సాఫ్ట్‌వేర్ చాలు.

ఇంతవరకూ నవ్వుకునే విషయమే. ఎవడి డబ్బు వాడిది. మోత ఇరుగుపొరుగుకి ఇబ్బంది, చట్టానికి విరుద్ధం, ఆ గొడవ వేరు. నన్ను ఈ వ్యాసం రాయించింది ఆ ఆదివారం తిరిగి వస్తున్నప్పుడు జరిగిన సంగతి.

పరీక్ష అయ్యాక ఓ గంటసేపు అదే రోడ్డు మీద, 90-100 మధ్య, బాలాసోర్ వైపు సరదాగా వెళ్ళి వెనక్కి తిరిగాం. ఈ రోడ్డే అలా పోతే మన విశాఖ మీదుగా చెన్నై చేరుతుంది. ఊళ్ళోకి వచ్చాం. గోల్‌బజార్ దగ్గరపడుతోంది. మావాడు నెమ్మదిగా నడుపుతున్నాడు, అంటే నెమ్మదిగా నడుపుతున్నానని అనుకుంటున్నాడు. నాకూ అలాగే అనిపించింది, పాకుతున్నట్టే ఉంది. పక్క సందులోంచి సైకిలు మీద ఒక కుర్రాడు, వెనక క్యారియర్ మీద పాల క్యాను. బ్రేకు కిర్రుమంది. కారు ముక్కుకీ సైకిలు చక్రానికీ మధ్య జానెడు మిగిలింది. కుర్రాడు కింద పడలేదు, పాలు సగం పోయాయి. పాల డబ్బు ఇచ్చి, మందలింపులు విని, చేతులు వణుకుతుంటే పక్కకి తీసి ఆపాం. ముందు అద్దం దగ్గర ఫోను ఇంకా వీడియో తీస్తూనే ఉంది. వెనక్కి తిప్పి చూశాం. బ్రేకు వేసే ముందు ముల్లు 58 మీద ఉంది.

"35 కూడా లేదనుకున్నాను మావయ్యా," అన్నాడు. నేనూ అంతే అనుకున్నాను. ఈసారి ఇద్దరం ఒకే అబద్ధం నమ్మాం.

దీనికి పాత పరిశోధనే ఉంది. 1969లో అమెరికాలో ష్మిట్, టిఫిన్ అనే ఇద్దరు, గంటకి 70 మైళ్ళ వేగంతో కొంతసేపు నడిపించాక, స్పీడోమీటర్ చూడకుండా 40కి తగ్గించమన్నారు. తగ్గించామనుకున్న వాళ్ళు నిజానికి 50 మైళ్ళ పైనే ఉన్నారు. ఎంతసేపు వేగంగా నడిపితే పొరపాటు అంత పెరిగింది. కంటికి వేగం అలవాటైపోతుంది, ఎండలోంచి గదిలోకి వస్తే చీకటైనట్టు. అలవాటైన కంటికి 35 లాగా కనిపించినా, 58 మీద ఉన్న కారులో ఉండే శక్తి 35 మీద ఉన్నదానికి రెండున్నర రెట్లు పైనే. సైకిలు కుర్రాడి మీద పడేది ఆ శక్తి, మావాడికి అనిపించినది కాదు.

దీన్ని మంచికి వాడినవాళ్ళూ ఉన్నారు. 1970లలో డెంటన్ అనే ఆయన సలహా మీద స్కాట్లాండులో ఒక కూడలి ముందు రోడ్డుకి అడ్డంగా గీతలు గీశారు, కూడలి దగ్గరయ్యే కొద్దీ గీతల మధ్య దూరం తగ్గేలా. నడిపేవాడికి వేగం పెరుగుతున్నట్టు అనిపించి కాలు బ్రేకు మీదకి పోతుంది. పొగమంచులో ఏమవుతుందనే దాని మీద మాత్రం శాస్త్రజ్ఞులకే తగవు. మంచులో వేగం తక్కువగా అనిపించి జనం ఇంకా నొక్కుతారని 1998లో ఒక పరిశోధన వచ్చింది. 2012లో ఇంకో బృందం, అసలు పొగమంచు దూరం పెరిగే కొద్దీ చిక్కబడుతుంది కాబట్టి అలాంటి మంచునే తెర మీద చూపించి, ఫలితం దీనికి తిరగబడుతుందని చెప్పింది. తెర మీద మంచు ఎలా గీశారన్న దాన్నిబట్టే ఫలితం మారిపోయింది. కొలిచిన వాళ్ళే ఇంత తికమక పడితే, డిసెంబరు తెల్లవారుజామున "నాకు తెలుస్తాదిలే" అనే డ్రైవరుని ఏమనాలి?

మా రైల్వే ఊరికి ఇంకా దగ్గర విషయం ఒకటి ఉంది. పట్టాలు దాటే వాళ్ళు. పెద్ద వస్తువు నెమ్మదిగా కదులుతున్నట్టు కనిపిస్తుందని, రైలు గేట్ల దగ్గర చావులకి అదొక కారణం కావచ్చని లైబోవిట్జ్ 1985లో రాశాడు. పెద్ద విమానం ఆకాశంలో వేలాడుతున్నట్టు కనిపించే తీరే ఇది. 2013లో న్యూజిలాండు వాళ్ళు తెర మీద కారునీ రైలునీ ఒకే వేగంతో చూపిస్తే, రైలే నెమ్మదని చూపరులు అన్నారు. మన స్టేషను ప్లాట్‌ఫారం 1,072 మీటర్లు. (ప్రపంచంలో ఇదే పొడవైనదని గోల్‌బజార్‌లో ఇప్పటికీ పందెం కాసేవాళ్ళున్నారు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని దాటేశాయని చెప్తే నన్నే ద్రోహిలా చూస్తారు.) గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ మొత్తం పొడవుని 39 సెకన్లలో మింగేస్తుంది. ఆ చివర బండి కనిపిస్తున్నా, "ఇంకా బోలెడు దూరముంది" అనుకుని సంచీతో దిగి పట్టాలు దాటేవాళ్ళని నేను రోజూ చూస్తుంటాను. వాళ్ళు మూర్ఖులు కారు. కన్ను చెప్పింది నమ్ముతున్నారు.

సైలెన్సర్ ఇంకా కారుకే ఉంది. తీయించమని నేను అడిగాను, పోలీసులు పట్టుకుంటే తీస్తానన్నాడు. "సెకను తగ్గకపోతే తగ్గకపోనీ, వింటే బాగుంటది మావయ్యా," అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, అది కొలిచి తప్పని చెప్పగలిగే మాట కాదు. ఊళ్ళోకి వచ్చేటప్పుడు మాత్రం వాడిప్పుడు ముల్లు వంక చూస్తున్నాడు. అది కూడా నేను పక్కన ఉన్నప్పుడే కావచ్చు.

మొన్న పెళ్ళికని ఇద్దరం కోరమండల్‌లో విశాఖ బయల్దేరాం. ఏసీ పెట్టె, మూసిన అద్దాలు. బాలాసోర్ దాటాక ఎంత వేగంలో ఉన్నామో చెప్పమన్నాను. కిటికీలోంచి కాసేపు చూసి 80 అన్నాడు. ఫోను తీసి జిపిఎస్ చూపించాను, 118 ఉంది.

"ఫోను తప్పు చూపిస్తంది," అన్నాడు.

సరే, కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టు, నేను గడియారం చూస్తాను అన్నాను. రాయికీ రాయికీ మధ్య 31 సెకన్లు పట్టింది. ఇంకోసారి చూద్దాం అన్నాడు. 30. గడియారం ఇలా ఇమ్మని చెయ్యి చాచాడు.